మండలి వారి పరస్థాన పథకం

మా నగరం నుంచి తూర్పుకు పోయే హైవే మీద నేను ఊరికే కూర్చుని గడిపిన సమయాన్ని ఒకచోట పోగేసి ఇంకెవరికైనా ఇచ్చి ఉంటే, ఆ మనిషి దాంతో ఉద్యోగం చేసి, ఇల్లు కట్టి, పింఛను కూడా తీసుకునేవాడు. నాది కొత్తపేటలో కళ్లద్దాల దుకాణం. మా అనసూయక్క ఉండేది సూర్యాపేటలో. ఆమెకు ఒక్కతే కూతురు, హిమజ. ఆ పిల్లకు పేరు పెట్టిన రోజు నేను టోల్ గేటు దగ్గర ఉన్నాను. పుట్టువెంట్రుకలు తీసిన రోజు చౌటుప్పల్ దగ్గర లారీల మధ్య ఉన్నాను. నిశ్చితార్థం నాడు మాత్రం చాలా దూరం వెళ్లగలిగాను. నేను చేరేసరికి విస్తర్లు ఎత్తేసి, అద్దె కుర్చీలు వ్యానులోకి ఎక్కిస్తున్నారు. మేనమామ చేతుల మీదుగా జరగాల్సినవన్నీ ఆ పిల్లకు ఎవరో ఒక పక్కింటాయన చేతుల మీదుగా జరిగాయి.

పెళ్లి కుదిరాక హిమజ ఫోన్ చేసింది.

"మామా, పెండ్లినాడు మంటపం కాడికి నన్ను నువ్వే పట్టుకొని తీస్కపోవాలె. నువ్వు రాకుంటే నేను లేవనే లేవ. చెప్తున్న."

వస్తానని మాటిచ్చాను. హైవేని నమ్ముకుని మాటివ్వడం తెలివిగలవాడు చేసే పని కాదు. కానీ సరిగ్గా ఆ రోజుల్లోనే హైవేని బాగుచేయడానికి నగర నిష్క్రమణ సౌలభ్య మండలి ఏర్పడింది. కనక నాకు కాస్త ధైర్యం వచ్చింది.

మండలికి చైర్మన్ ఉమాపతి గారు. ఈయన పదవిలోకి రాగానే రోడ్లు ఎలా ఉంటాయో చూడడానికి చాలా దేశాలు తిరిగొచ్చారు. అక్కడి రోడ్లన్నీ బాగున్నాయని, అయితే ఆ దేశాల్లో రాహుకాలం లేదు కాబట్టి వాళ్ల పద్ధతులు మనకు పనికిరావని నివేదిక రాశారు. ఈ మాటకు నవ్వినవాళ్లు ఉన్నారు. నేను నవ్వలేదు, ఎందుకంటే అందులో నిజం ఉంది. రాహుకాలం నడుస్తున్నంతసేపూ మా హైవే మీద మేకలు పడుకుని నెమరు వేస్తుంటాయి. అది వెళ్లిపోయి మంచి గడియ రాగానే నగరంలో కారున్న ప్రతివాడూ కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి ఒక్కసారిగా బయల్దేరతాడు. వర్జ్యం దాటాక వస్తే గుంపు, దుర్ముహూర్తం దాటాక వస్తే ఇంకా గుంపు. పెళ్లిళ్ల రోజుల్లో ఆ గుంపు ముందు తిరునాళ్లు దిగదుడుపు.

"సమస్య రోడ్డు ఇరుకుతనం కాదు, సుముహూర్తపు ఇరుకుతనం," అని ఉమాపతి గారు పత్రికల వాళ్లకు చెప్పారు. "రోడ్డును వెడల్పు చేయగలం గాని, గడియను వెడల్పు చేయలేం. కనుక గడియను ప్రయాణం నుంచి వేరు చేయాలని మండలి సంకల్పించింది."

వేరు చేసే ఉపాయం ఆయనకు వాళ్ల నాయనమ్మ దగ్గర దొరికిందట. మన పెద్దవాళ్లు పాటించిన పరస్థానం అందరికీ తెలిసిందే. మంచి గడియలో మనిషికి బయల్దేరడం కుదరకపోతే, ఆ వేళకు ఓ సంచిలో నాలుగు బట్టలు సర్ది పక్కింట్లో పెట్టి వస్తే చాలు, ప్రయాణం మొదలైపోయినట్టే. తర్వాత మనిషి తీరిగ్గా ఎప్పుడు వెళ్లినా దోషం లేదు. దీన్ని మండలి ఒక పథకం చేసింది. ప్రతి కాలనీలోనూ ఒక పరస్థాన కేంద్రం తెరిచింది. మంచి గడియకు మీ సంచి అక్కడ ఇస్తే చాలు. మండలి వ్యాను దాన్ని తీసుకెళ్లి మీరు వెళ్లాల్సిన ఊళ్లో, వెళ్లాల్సిన గుమ్మం ముందు దించుతుంది. మీరు భోంచేసి, ఓ కునుకు తీసి, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు వెళ్లవచ్చు.

ప్రారంభోత్సవానికి పెద్ద పెద్దవాళ్లు వచ్చారు. తలా ఒక సంచి తెచ్చి, రిబ్బన్ కట్టిన వ్యానులో తమ చేత్తో పెట్టి ఫొటోలు దిగారు. "సంచి ముందు, మనిషి తర్వాత" అని హోర్డింగులు పెట్టారు. నాకైతే చాలా మంచి పథకం అనిపించింది. ఇప్పటికీ ఆ మొదటి ముక్క మంచిదే అంటాను.

చిక్కంతా మనవాళ్ల దగ్గర వచ్చింది. సంచిని పక్కింట్లో పెట్టడం వేరు, సర్కారు వ్యానులో పెట్టడం వేరు. వ్యాను కదలగానే సంచుల యజమానులు కూడా కార్లు తీసి వ్యాను వెనకాలే బయల్దేరారు. వ్యాను ఎక్కడైనా ఆగితే వీళ్లూ ఆగారు. పట్టుచీర ఉన్న సంచి మీద ఇంకో సంచి పెడుతున్నారేమోనని కొందరు రోడ్డు మధ్యలో దిగి వ్యాను తలుపు తీయించి చూశారు. అలా ఇదివరకు కార్లు మాత్రమే ఉండే మంచి గడియలో ఇప్పుడు కార్లూ వ్యాన్లూ చేరాయి.

మండలి దీన్ని కూలంకషంగా అధ్యయనం చేసి, వ్యాన్లకు రోడ్డులో ఒక వరుస ప్రత్యేకంగా కేటాయించింది. అది చాలకపోతే రెండోది కూడా ఇచ్చింది. మిగిలిన ఒక్క వరుసలో మనుషులు వెళ్లారు. పక్కన మా సంచులు రయ్యిమని పోతుంటే మేము కారు ఆపుకుని వాటికేసి చూస్తూ కూర్చునేవాళ్లం. నా సంచి నన్ను దాటిపోవడం ఓసారి నేనే కళ్లారా చూశాను. దాని అదృష్టానికి కాస్త ఈర్ష్య కూడా కలిగింది.

తర్వాత పరస్థానం తప్పనిసరి చేశారు. సంచి పంపనివాళ్లు టోల్ గేటు దాటకూడదు. ఇంతవరకూ కూడా భరించవచ్చు, చేతిలో ఖాళీ సంచి లేనివాడు నగరంలో ఎవడూ ఉండడు. అసలు ప్రమాదం లెక్కల శాఖ నుంచి వచ్చింది. నగరం నుంచి రోజూ ఎంతమంది బయటికి పోతున్నారో గేటు దగ్గర బోర్డు మీద వేస్తారు. సంచి దాటినప్పుడు ఒక నిష్క్రమణ, దాని మనిషి దాటినప్పుడు ఇంకో నిష్క్రమణ పడింది. చూస్తూ చూస్తూ ఉండగానే రద్దీ రెండింతలైపోయింది. రద్దీ తగ్గించడానికి పెట్టిన మండలి రద్దీని రెట్టింపు చేసిందని పత్రికలు గోల పెట్టాయి. ఉమాపతి గారు అత్యవసర సమావేశం జరిపారు. రెండు నిష్క్రమణల్లో ఒకదాన్ని ఆపాలి. సంచిని ఆపుదామంటే పెద్దవాళ్లు ప్రారంభించిన పథకం. కాబట్టి మనిషిని ఆపారు.

ఆ ఆదేశం వచ్చింది హిమజ పెళ్లికి ముందు రోజు సాయంత్రం. అప్పటికి నా సంచి వెళ్లిపోయింది.

నాకా సంగతి తెలియదు. తెల్లారకముందే లేచి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరాను. నా పట్టు పంచె, కండువా, పిల్లకు కొన్న చీర, అన్నీ సంచిలో ముందే అక్క ఇంటికి చేరాయి. చాలా తేలిగ్గా ఉన్నాననుకున్నాను. గేటు దగ్గరికి వచ్చేసరికి నా ముందర కార్లు, బస్సులు ఇంజన్లు ఆపుకుని నిలబడి ఉన్నాయి. గేటుకు అవతల హైవే మాత్రం కడిగిన అరుగులా ఉంది. ఒక్క బండి లేదు. బోర్డు మీద 'నేటి రద్దీ: లేదు' అని పచ్చ అక్షరాలు వెలుగుతున్నాయి. ఇన్నేళ్లలో ఆ రోడ్డును అంత అందంగా ఎప్పుడూ చూడలేదు.

బల్ల వేసుకుని కూర్చున్న అధికారి పేరు సుధీంద్ర అని చొక్కా మీద ఉంది. మనిషి మర్యాదస్తుడు. నా ఫోన్ నంబరు అడిగి, కంప్యూటరులో చూసి, లేచి నిలబడి నమస్కారం పెట్టారు.

"జలంధర్ గారూ, అభినందనలు. తాము నిన్ననే నిష్క్రమించారు."

"నిన్న సంచి పోయిందండి. నేను ఇప్పుడు పోతున్న."

"మండలి దృష్టిలో అది సంచి కాదు, తమ ప్రతినిధి సామగ్రి. అది గమ్యస్థానం చేరడంతో తాము చేరినట్లు నమోదైంది. ఒకసారి నిష్క్రమించిన వ్యక్తి తిరిగి ప్రవేశించకుండా మరోసారి నిష్క్రమించడాన్ని ద్వంద్వ నిష్క్రమణ అంటారు. నిన్న సాయంత్రం నుంచి అది నిషిద్ధం."

"మరి నేను ఈడ నిలబడి మీతోని మాట్లాడుతున్న గదా!"

"ఆ విషయం మా పరిశీలనలో ఉంది," అన్నారు సుధీంద్ర గారు చాలా సానుభూతిగా.

బస్సెక్కి పోతానన్నాను. బస్సులోనూ ఇదే నంబరు అడుగుతారట. పోనీ కారు వదిలేసి నడిచి దాటతానన్నాను. గేటు పక్క సన్నదారి దగ్గర పోలీసులను చూపించారు. నడక కూడా నిష్క్రమణ కిందికే వస్తుంది. అయితే నేనేం చేయాలని అడిగాను. నా సంచి వెనక్కి రావాలి, అది గేటు దాటి నగరంలోకి అడుగుపెట్టగానే నేను ప్రవేశించినట్టు లెక్క, ఆ తర్వాత నిరభ్యంతరంగా వెళ్లవచ్చునని చెప్పారు. లోపలికి వచ్చేవాళ్లకు ఏ ఆంక్షలూ లేవట. అది వేరే శాఖ చూసుకుంటుంది.

అప్పుడే అక్క ఫోన్.

"ఏడున్నవ్‌రా తమ్మీ?"

"గేటు కాడున్ననే."

అక్క వెనక సన్నాయి వినబడింది.

"ఆ గేటు నిన్ను కనిపెట్టుకొని ఉన్నట్టున్నదిరా. పొల్ల గౌరీ పూజల కూసున్నది. ముహూర్తం దగ్గర పడ్డది. నువ్వు రాకుంటే లేవ అంటున్నది. పంతులు గారు గడియారం చూస్తున్నడు. ఏం చెయ్యాల్నో చెప్పు."

వస్తున్నానని అబద్ధమైనా చెప్పలేకపోయాను. గేటుకు అవతల అంత ఖాళీ రోడ్డు పెట్టుకుని ఇవతల నిలబడడం ఎంత అవమానమో, ఎంత కడుపు మంటో, అక్కడ నిలబడినవాళ్లకే తెలుస్తుంది.

ఇంతలో గేటు దగ్గర సందడి మొదలైంది. రద్దీ లేని మొదటి రోజు కాబట్టి ఉమాపతి గారు స్వయంగా విచ్చేశారు. పూలదండ వేయించుకున్నారు. గేటుకు అవతలి ఖాళీ రోడ్డుకు వీపు పెట్టి ఫొటో దిగారు. ఇవతల మా కార్లు నగరం నడిబొడ్డు దాకా నిలబడి ఉన్నాయని ఎవరో పత్రికల మనిషి అడిగితే, గేటుకు ఇవతలి భాగం హైవే కాదని, మునిసిపాలిటీ పరిధిలోకి వస్తుందని, వారిని సంప్రదించమని చెప్పారు.

నేను జనాన్ని తోసుకుని వెళ్లి ఆయన ముందర నిలబడ్డాను. సిగ్గు విడిచి రెండు చేతులూ జోడించాను.

"సార్, నా మేనకోడలు పెండ్లి. ఇప్పుడు నేను పోకపోతే జన్మల పోలేను. ఒక్కన్ని వదిలిపెట్టండి."

ఆయన నా వివరాలు తెప్పించుకుని చూశారు. ముఖం వికసించింది.

"మరి దిగులెందుకండీ? మీరక్కడే ఉన్నారు! నిన్న రాత్రే చేరారు. హైవే మొదలయ్యాక మేనమామ ఒకరోజు ముందుగా పెళ్లికి చేరడం బహుశా ఇదే ప్రథమం."

"చేరింది సంచి సార్. పిల్లను మంటపానికి తీసుకపోవాల్సింది నేను."

"తీసుకెళ్లడం అనగా నిర్దిష్టంగా ఏ ప్రక్రియ?"

"చెయ్యి పట్టుకొని నడిపిస్తం సార్."

ఉమాపతి గారు కాస్త ఆలోచించారు. ఆయన చెడ్డవాడని నేను అనను. నా బాధ తీర్చాలని నిజంగానే ఆలోచించారు.

"మీ సామగ్రికి పట్టీ ఉందా?"

"ఉన్నది."

"ఇంకేం! వధువు ఆ పట్టీని పట్టుకోవచ్చు. సూర్యాపేటలో మా గమ్యస్థాన అధికారి ఉన్నారు. సామగ్రిని ఆయన సగౌరవంగా మోస్తారు. మేనమామ హాజరైనట్టు అక్కడికక్కడే ధ్రువీకరిస్తారు. ఈ సేవ ఉచితం." పక్కనున్నవాళ్లు చప్పట్లు కొట్టారు.

నేను కోపంతో నోరు తెరిచేలోగా ఆయన సూర్యాపేటకు ఫోన్ చేయించారు. కాసేపటికి నా ఫోన్ మళ్లీ మోగింది. ఈసారి వీడియో. అక్క ఎత్తి పట్టుకున్న ఫోనులో హిమజ కనబడింది. బుగ్గన చుక్క పెట్టుకుని, గంధం పూసుకుని, కన్నీళ్లతో ఆ గంధమంతా పాడుచేసుకుని పీట మీద కూర్చుని ఉంది. పక్కన టై కట్టుకున్న ఓ పెద్దమనిషి నా నల్ల సంచిని రెండు చేతుల మీద పెట్టుకుని నిలబడ్డాడు. సంచికి ఎవరో కుంకుమ బొట్టు కూడా పెట్టారు.

"మామా, ఈయనెవరో నీ సంచి నువ్వే అంటున్నడు," అంది హిమజ.

ఆ క్షణంలో నేను చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ముహూర్తం దాటిపోతోంది. అక్కడ పంతులు తొందరపెడుతున్నాడు, మగపెళ్లివారు ముఖాలు చూసుకుంటున్నారు. పిల్ల పెళ్లి ఆగిపోకూడదు. నేనే అన్నాను.

"లే బిడ్డా. పట్టుకో. అది నేనే అనుకో."

హిమజ లేచింది. సంచి పట్టీని వేళ్లకు చుట్టుకుని నడిచింది. టై పెద్దమనిషి సంచిని కాస్త ముందుకు వంచి పట్టుకుని, తన ముఖం ఫొటోలో పడకుండా పక్కకు తిప్పుకుని, మేనమామ ఎంత గంభీరంగా నడవాలో అంత గంభీరంగా నడిచాడు. ఆడవాళ్లు అక్షింతలు వేశారు. కొన్ని సంచి మీద పడ్డాయి. గేటు దగ్గర నా చుట్టూ నిలబడినవాళ్లు నా భుజం మీదుగా వంగి చూశారు. వాళ్ల సంచులు కూడా ఎక్కడెక్కడో ఏవో శుభకార్యాలు చేస్తున్నాయి.

ఆ తర్వాత వెనక్కి పోదామన్నా వీలు లేకపోయింది. వెనక నగరం దాకా కార్లే. పొద్దంతా అక్కడే కూర్చున్నాను. ఎవరో మజ్జిగ ప్యాకెట్ ఇస్తే తాగాను. ఎండ తగ్గిన వేళ అవతలి వైపు నుంచి, నగరంలోకి వచ్చే దారిలో, పూలు కట్టిన కారు ఒకటి వచ్చి గేటు దాటి ఆగింది. హిమజ అత్తగారిల్లు నగరంలోనే. అప్పగింతలై వస్తున్నారు.

పిల్ల కారు దిగి, పట్టుచీర ఎగ్గట్టుకుని, రోడ్డు మధ్య దిమ్మె దాటి నా కారు దగ్గరికి వచ్చింది. చేతిలో నా సంచి. వస్తూనే నా మీద పడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

"నీ సంచిని పట్టుకొని మంటపానికి పోయిన మామా. అంత మంచిగనే అయింది. అప్పగింతలప్పుడు దాన్నే పట్టుకొని ఏడ్చిన. అది ఊకోమని అనలే."

ఊకో బిడ్డా, ఊకో అని తల నిమిరాను. పెళ్లికొడుకు పాపం ఆ పక్కనే నిలబడి, ఎవరిని ఓదార్చాలో తెలియక చేతులు నలుపుకుంటున్నాడు. అక్క నా సంచిని పిల్లతో పంపిందట. మీ మామకు అందజెయ్యి, మళ్లా పనికొస్తది అని చెప్పిందట.

హిమజ సంచిని నా చేతికిచ్చింది. అంతలో, సంచికి మండలి కట్టిన బిళ్ల గేటు దాటిన సంగతి అందినట్టుంది, సుధీంద్ర గారి కంప్యూటరు కుయ్యిమంది. ఆయన పరుగులాంటి నడకతో వచ్చారు. ముఖం నిండా సంతోషం.

"జలంధర్ గారూ! తమ ప్రతినిధి సామగ్రి నగర పరిధిలోకి ప్రవేశించింది. తాము ఇప్పుడు అధికారికంగా నగరంలో ఉన్నారు. ఇక తాము నిరభ్యంతరంగా నిష్క్రమించవచ్చు."

ఆయన చెయ్యి ఊపగానే పోలీసులు నా ముందున్న బండ్లను పక్కకు జరిపించారు, గేటు లేచింది.

నాకు అవసరం లేదన్నాను. పెళ్లయిపోయింది, పిల్ల ఇక్కడికే వచ్చింది, నేను దాంతో పాటు వెనక్కి వెళతానన్నాను. ఆయన వెనకకు చూపించారు. నా వెనక నిలబడ్డ బండ్లన్నీ, గేటు లేవడం చూసి, ఒక్కసారిగా హారన్లు అందుకున్నాయి. వెనక్కి తిప్పే చోటు చౌటుప్పల్ దాటాకే ఉందట. పెళ్లివారి కారు కూడా దారికి అడ్డంగా ఉందని పోలీసులు విజిల్ వేస్తున్నారు. పెళ్లికొడుకు హిమజను తొందరపెట్టి తీసుకెళ్లాడు. నేను కారు ఎక్కి స్టార్ట్ చేశాను.

గేటు దాటాక ఫోన్ మోగింది. అద్దంలో పూల కారు నగరం వైపు వెళ్లిపోతూ కనబడుతోంది.

"మామా, గటు పోతున్నవేంది? ఏడికి?" అంది హిమజ.

ముందు రోడ్డంతా ఖాళీగా ఉంది. అంత మంచి రోడ్డు మీద నెమ్మదిగా పోవడం కూడా కష్టమే.

"నీ పెండ్లికే బిడ్డా," అన్నాను.